బొంత మీద పదహారు గడులు: ఒక మేనత్త ప్రాజెక్టు డైరీ

జూన్ 8

పొద్దున్నే అన్నయ్య వాట్సాప్‌లో ఒక లింకు పంపి "ఇది కొననా?" అని అడిగాడు. తెరిచి చూస్తే తెల్లటి దుప్పటి, దాని మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. నెలకోసారి పాపాయిని దాని మీద పడుకోబెట్టి, ఆ నెల అంకె చుట్టూ ఒక చట్రం పెట్టి ఫొటో తియ్యాలట. పైన అలంకారానికి న్యూబార్న్, ఇన్‌ఫంట్, టాడ్లర్ అని మెలికల అక్షరాలు. ధర పద్దెనిమిది వందలు. "కొనకు, నేను బొంత కుడతా, దాని మీద తెలుగు మాటలు కుడతా" అని టైపు చేసి పంపేశాను. ఏం ఒప్పుకున్నానో ఆ తర్వాత గానీ తెలిసిరాలేదు.

వదినకు ఏడో నెల. అంటే చేతిలో ఉన్నది మూడు నెలలు కూడా కాదు.

అమ్మమ్మకు ఫోన్ చేశాను. పుట్టకముందే బిడ్డకు బట్టలు కుట్టకూడదని తిడుతుందనుకున్నా. ఒక్క నిమిషం ఆలోచించి, "కొత్త గుడ్డ కాదుగా, పాత చీరలేగా. కుట్టుకో. పేరు మాత్రం కుట్టకు" అంది. దాంతో ఒక గొడవ తీరింది. పాత చీరలు తనే పంపుతానంది.

లెక్క ఇలా వేసుకున్నా: తొమ్మిది అంగుళాల గడులు పదహారు, నాలుగు వరసలు. చుట్టూ రెండంగుళాల అంచు. మొత్తం నలభై అంగుళాల చదరం. గడికో మాట, మాట కింద నెల. నోట్‌బుక్‌లో పదహారు గళ్లు గీసి మొదటి దాంట్లో "పసికందు", చివరి దాంట్లో "తప్పటడుగులు" అని రాశాను. మధ్యలో పద్నాలుగు గళ్లు ఎంత సేపు చూసినా ఖాళీగానే ఉన్నాయి. రోజంతా తెలుగే మాట్లాడేదాన్ని, నాకు తోచినవి రెండే మాటలా అని సిగ్గేసింది.

జూన్ 15

చీరలు వచ్చాయి. అమ్మమ్మవి రెండు నేత చీరలు, అమ్మది ఒక మంగళగిరి, తాతయ్య పంచెలు రెండు. పంచెలు ఉతికీ ఉతికీ ఎంత మెత్తబడ్డాయంటే చేతిలోంచి నీళ్లలా జారిపోతున్నాయి. అవి మధ్య పొరలకు. పైన గడులకు చీర ముక్కలు, అడుగున మంగళగిరి.

పదహారు ముక్కలూ తొమ్మిదేసి అంగుళాలకు కత్తిరించి, ఒకదానికొకటి కచ్చా కుట్టు వేసి, పరిచి కొలిచాను. ముప్పై మూడు అంగుళాలొచ్చింది, చుట్టూ అంచు కుట్టాక ముప్పై రెండే మిగులుతుంది, ముప్పై ఆరు రావాల్సింది. ప్రతి వైపూ కుట్టులోకి పోయే అరంగుళం వదలడం మరిచిపోయాను. టైలరింగ్ నేర్చుకునే పిల్లలు కూడా మొదటి రోజు చెయ్యని తప్పు. చీరలు ఇక మిగల్లేదు. అంచునే రెండంగుళాల నుంచి నాలుగంగుళాలకు పెంచితే నలభై సరిపోతుంది. గడులు చిన్నవయ్యాయి, అంచు లావైంది. చూడ్డానికి గుమ్మం చట్రంలా ఉంది.

జూన్ 22

మాటల వేట మొదలైంది. మా వీధి చివర రిటైరైన తెలుగు మాస్టారొకరు ఉన్నారు. సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "చంటిపిల్ల అంటాం కదా, చంటి అంటే ఏమిటో తెలుసా?"

చిన్న అన్నాను. మా చుట్టాల్లో చంటి మావయ్య ఉన్నాడు, యాభై ఏళ్లు, తొంభై కిలోలు. ఆయన్ని ఇంకా చంటి అనే పిలుస్తారు.

మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టారు. "కన్ను, కంటి. మిన్ను, మింటి. మన్ను, మంటి. చన్ను..." అని ఆగి నా వైపు చూశారు.

చంటి! చన్నుకు ఔపవిభక్తిక రూపం, అంటే విభక్తి ముందు మాట మారే రూపం. చంటిబిడ్డ అంటే చన్నుకుడిచే బిడ్డ. ఇన్నేళ్లు ఇంటింటా వినే మాట. దీన్ని ఎవరో నాకు వ్యాకరణం చెప్పి విప్పాల్సొచ్చింది. పాపం చంటి మావయ్యకు ఈ సంగతి చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకున్నా.

అక్కడితో ఆగలేదు ఆయన. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో పసిబిడ్డకు వరసగా ఉన్న మాటలు చెప్పారు: ఉత్తానశయ, డింభ, స్తనప, స్తనంధయి. ఉత్తానశయ అంటే వెల్లకిలా పడుకుని ఉండేది. ఆ మాట నన్ను పట్టుకుంది. బిడ్డకు ఎన్ని నెలలో చెప్పడం లేదు, ఎలా పడుకుందో చెబుతోంది. వెల్లకిలా పడుకున్న బిడ్డ ఒకరోజు బోర్లా పడుతుంది, ఇంట్లో బొబ్బట్లు చేస్తారు. సంస్కృతం మొదటి సగం చెబితే తెలుగు రెండో సగం చెప్పినట్టుంది.

కుట్టడానికి మాత్రం "ఉత్తానశయ" వద్దు. ఒక "త్త" కుట్టడానికే నాకు సాయంత్రం పడుతుంది.

జూన్ 29

నెలల లెక్క చెడిపోయింది.

నోట్‌బుక్‌లో "పాకడం" దగ్గర ఎనిమిదో నెల అని రాసుకున్నా. సరేలే ఒకసారి చూద్దామని వెతికితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వేసిన లెక్క దొరికింది. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో 816 మంది పిల్లల్ని చూసి కట్టిన లెక్క. చేతులూ మోకాళ్ల మీద పాకడం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చట. ఎవరూ పట్టుకోకుండా నడవడం 8.2 నుంచి 17.6 దాకా. అంటే ఒక పిల్ల నడిచేసే వయసుకు ఇంకో పిల్ల ఇంకా పాకడమే మొదలుపెట్టకపోవచ్చు, ఇద్దరూ బాగున్నట్టే. నూటికి నలుగురు అసలు అలా పాకనే పాకరట.

మరి గడి కింద "8" అని కుడితే, తొమ్మిదో నెలలో వదిన ఆ గడి వైపు చూసి టెన్షన్ పడుతుంది. ఎదురింటి పిల్లతో పోలిక పెట్టే వాళ్లు మన ఇళ్లల్లో ఎలాగూ తక్కువ కాదు. వాళ్లకు తోడు నేనొక కొలబద్ద కుట్టివ్వడం ఎందుకు?

అంకెలన్నీ కొట్టేశాను. కొట్టేశాక మాటలు చూస్తే, వాటికి అంకెలతో ఎప్పుడూ పని లేదని తెలిసింది. నెలల పిల్ల అంటాం, ఎన్ని నెలలో చెప్పం. బిడ్డ ఎక్కడుందో, ఏం చేస్తుందో చెబుతాం. చన్ను దగ్గర ఉంటే చంటిది, నేల మీద తిరుగుతుంటే పాకే పిల్ల. వెనకటి ఆడవాళ్లు చేసిన పిండివంటలు కూడా క్యాలెండర్ చూసి చేసినవి కావు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. పిల్ల ఎప్పుడు అడుగేస్తే అప్పుడే అరిసెలు.

కాబట్టి వరస కూడా మార్చాలి. ఎడమ నుంచి కుడికి పేర్చితే అది పరుగు పందెం. మధ్య నాలుగు గడులూ ఒడి. చుట్టూ ఉన్న పన్నెండు గడులూ నేల. నేను పొరపాటున లావు చేసిన అంచు గడప. పొరపాటున వచ్చిన అంచు ఇంత బాగా కుదురుతుందని నేనూ అనుకోలేదు.

జులై 6

ఒడిలోకి నాలుగు మాటలు: పసికందు, చంటి, ఉంగా, నవ్వు.

పసికందు గడికి అమ్మమ్మ పసుపు రంగు చీర ముక్క పెట్టాను. దానికి కారణం ఉంది. పసి, పచ్చి, పసరు, పసుపు, ఇవన్నీ ఒకే వేరు నుంచి మొలిచిన మాటలంటారు. లేత అనే అర్థమే అన్నిట్లోనూ. కందు అంటే బిడ్డ. కన్నడం వాళ్లు ఇప్పటికీ పిల్లల్ని ముద్దుగా "కంద" అంటారు. మా ఆఫీసులో బళ్లారి అమ్మాయి రోజూ ఫోన్లో కొడుకుతో అనే మాట అదే, నేను ఇన్నాళ్లూ అది వాడి పేరనుకున్నా.

పసిగుడ్డు అనే మాట కూడా ఉంది, నెత్తుటిగుడ్డు కూడా ఉంది. రెండోది కుట్టనా అంటే అమ్మమ్మ ఫోన్లోనే అరిచింది. ఆ మాట అవసరం పడ్డప్పుడు నోటికొస్తుంది గానీ గుడ్డ మీద రాసుకునేది కాదంది. నిజమే.

కుట్టడం మొదలుపెట్టాక ఇంకో సంగతి గమనించాను. కందు, గుడ్డు, బిడ్డ, ఈ లేత మాటలకు ఆడా మగా తేడా లేదు. పోరడు పోరి, గుంటడు గుంట, పిల్లాడు పిల్ల, ఇవన్నీ కాళ్లొచ్చాక వచ్చే మాటలు. పుట్టబోయేది ఎవరో తెలియని నాకు ఇది బాగా కలిసొచ్చింది.

ఆరు పోగుల దారంలో మూడు పోగులు తీసి గొలుసు కుట్టు. తెలుగు అక్షరం గుండ్రం కాబట్టి గొలుసు చక్కగా తిరుగుతుంది, సున్న అయితే ఒక్క ఊపున వచ్చేస్తుంది. ఏడిపించేది ఒత్తులే. "నవ్వు"లో వ ఒత్తు మూడుసార్లు విప్పాను.

జులై 13

మా అపార్ట్‌మెంట్లో పై అంతస్తు పెద్దమ్మది కరీంనగర్ వైపు. గడులు చూపించి "పాకు" అని చదివి వినిపిస్తే నవ్వింది. "పాకుడేంది బిడ్డా, పాము పాకుతది. పిల్లలు అంబాడుతరు."

అంబాడడం! వినగానే లేగదూడ కళ్లముందు మెదిలింది. నిఘంటువులో చూస్తే ఆ మాట ఉంది, దోగాడడానికి ఇంకో పేరు. దోగాడడం మా అమ్మ వైపు మాట. పారాడడం పుస్తకాల్లో చూశాను, మా ఇంట్లో ఎవరూ అనరు.

కింద వాచ్‌మన్ భార్యది శ్రీకాకుళం. ఆమెను అడిగితే "మా గుంటడు పాకనేలేదమ్మా, దేకీసీవోడు. దేకి దేకి ఒకరోజు గోడ పట్టుకుని లేచి నిలబడిపోయాడు" అంది. కూర్చునే, ఒక చెయ్యి ఊతం పెట్టి, ఒక కాలు ముందుకు లాగి, పిర్రల మీద ఎలా జరిగేవాడో మెట్ల దగ్గర కూర్చుని చేసి చూపించింది. పెద్ద లెక్కల్లో నూటికి నలుగురు పాకరని చదివాను కదా, అలాంటివాడే ఒకడు ఇక్కడ మెట్ల కింద సైకిల్ తొక్కుతున్నాడు. వాళ్లమ్మకు ఎవరూ గ్రాఫు చూపించలేదు. దేకుతున్నాడు అనే మాట ఉంది, దాంతో ఆమెకు అది మామూలు సంగతి.

నాలుగు మూలలకు నాలుగు మాటలు ఖాయం చేశా: పాకు, దోగాడు, అంబాడు, దేకు. పారాడు అనుకున్న చోటు దేకుకు ఇచ్చాను. మాట ఎంత అందంగా ఉన్నా, నా ఎదుట ఒకరు నోరారా అన్న మాటకే గడి.

పెద్దమ్మే ఇంకోటి ఇచ్చింది, "సంకల బిడ్డ". నడక రాదు, పడుకోదు, దించితే ఏడుస్తుంది, అమ్మ చంక దిగదు. దానికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదు, తెలుగులో నడుం నొప్పి అని కూడా అనొచ్చు. "చంక" అని రెండక్షరాలు కుట్టేశా, పది నిమిషాల పని.

జులై 27

పని పెద్దగా సాగలేదు. ఆఫీసులో రిలీజు. "బోర్లా" పూర్తయింది, "కూర్చో" సగం.

ఆగస్టు 3

మహా తప్పు జరిగింది. "చంటి" ఎర్ర దారంతో కుట్టాను. గుర్తులు వేసిన చాక్ మరకలు పోవాలని బొంత పై గుడ్డను బకెట్లో నానబెట్టి అరగంట మరిచిపోయాను. తీసి చూస్తే చంటి చుట్టూ గులాబీ రంగు మబ్బు, పక్క గడి ఉంగా దాకా పాకింది. అంబాడింది అనాలేమో.

చల్లటి నీళ్లు మార్చి మార్చి, సబ్బు రాసి, ఆరనివ్వకుండా నాలుగైదుసార్లు జాడిస్తే చాలావరకు వదిలింది. వేడినీళ్లు పొయ్యొద్దని, ఎండలో ఆరేస్తే మరక ఉండిపోతుందని అమ్మ అరుస్తూనే ఉంది. ఎర్ర దారమంతా విప్పేసి, మిగిలిన లచ్చీ ఒక గిన్నెలో నానేసి చూస్తే నీళ్లు కుంకుమలా అయ్యాయి. దారం కొన్న రోజే ఈ పని చేసుంటే సరిపోయేది. పిల్లలు ఇది నోట్లో పెట్టుకుంటారు కూడా, రంగు వదిలే దారం అసలు పనికిరాదు. అద్దాలు, పూసలు పెడదామనుకున్నవి కూడా మానేశాను.

చంటి ఇప్పుడు నీలం. గులాబీ మబ్బు కొంచెం మిగిలే ఉంది.

ఆగస్టు 10

వదినను చూడ్డానికి వాళ్ల పుట్టింటికి నరసరావుపేట వెళ్లాను. పక్కింట్లో అంగన్‌వాడీ టీచర్ ఉంటే ఆమెతో కబుర్లు. ఆమె రిజిస్టర్లలో వయసుకో పేజీ: ఆరు నెలల లోపు, మూడేళ్ల లోపు, ఆరేళ్ల లోపు. అక్కడ మాత్రం అంకెలు తప్పనిసరి. ఏ బిడ్డకు ఏ టీకా, ఎవరికి బాలామృతం, ఎవరు బడికి అన్నది అంకెను బట్టే తేలుతుంది. నేను అంకెలు పీకేశానని చెబితే, "మీరు బొంత కుడుతున్నారు, నేను బరువు తూస్తున్నా" అంది. రెండిట్లో ఏదీ ఇంకోదాని పని చెయ్యలేదని ఆమె అర్థం.

అక్కడే కిశోర బాలికల పట్టిక చూశా. ఇంటికొచ్చాక మాస్టార్ని అడిగితే పాత లెక్క చెప్పారు: కౌమారం ఐదో ఏడు దాకా, పౌగండం పదో ఏడు దాకా, కైశోరం పదిహేను దాకా. నేను ఎనిమిదో తరగతిలో కౌమార దశ అంటే మొటిమలు, గొంతు మారడం అని చదివాను. ఆ పాత లెక్కలో కౌమారం అంటే పాలపళ్ల పిల్లలు! మాట అదే, ఎక్కే మెట్టు మారిపోయింది. ఐదేళ్లకు ఆగిపోయేది, పదేళ్లు ఎగిరి అవతల దిగింది. నా బొంత గడప దాటదు కాబట్టి ఈ గొడవ నాకు అక్కర్లేదు. పౌగండం అని కుడితే వదిన నన్ను ఇంట్లోకి రానివ్వదు.

ఆగస్టు 17

ఇంకో రెండు గడులు మిగిలాయి. ఒకదాంట్లో నేను కొంచెం స్వార్థం చూపించాను. పిల్లలు పలికే మొదటి మాటల్లో "అత్త" ఉంటుంది, "తాత" ఉంటుంది. అన్నయ్య "నాన్న" కుట్టమన్నాడు. సూది నా చేతిలో ఉంది, "అత్త" కుట్టాను.

రెండోది ఎడపిల్ల.

ఈ మాట అమ్మమ్మ ఇచ్చింది. "నువ్వు పుట్టేసరికి మీ అన్నయ్యకు రెండేళ్లు. అప్పటిదాకా వాడే చంటాడు. నువ్వొచ్చావు, చంటిదానివయ్యావు. వాడు ఎడపిల్లాడైపోయాడు." అమ్మ పక్కన వాడి చోటు పోయింది, పెద్దవాళ్లలో చోటు ఇంకా రాలేదు. రాత్రిళ్లు అమ్మమ్మ పక్కన పాత బొంత మీద పడుకుని, దాని అంచు వేలికి చుట్టుకుని నోట్లో పెట్టుకునేవాడట. నేను ఏడిస్తే లేచి కూర్చుని "దాన్ని వాళ్లింటికి పంపేయండి" అనేవాడట.

ఎంతో ఇష్టంగా గడి కత్తిరించి, "ఎడపిల్ల" అని చాక్‌తో రాసి, సూదిలో దారం ఎక్కించాక ఆగిపోయాను. తొలిచూలు బిడ్డ ఎడపిల్ల ఎలా అవుతుంది? ఇంకో బిడ్డ పుడితేనే అది. ఈ మాట ఒక్క బిడ్డకు ఒంటరిగా రాదు, వెనక ఇంకొకరు రావాలి. వదినకు ఫోన్ చేసి అడిగాను. "మొదటి కాన్పు కానీయవమ్మా ముందు. ఆ గడి ఖాళీగా ఉంచు" అంది. చాక్ గీతలు చేత్తో దులిపేశాను. ఖాళీ.

ఆగస్టు 31

పొరలన్నీ కలిపాను. అడుగున మంగళగిరి, మధ్యలో తాతయ్య పంచెలు, పైన గడులు. నేల మీద పరిచి, మధ్య నుంచి అంచులకు చేత్తో సాపు చేస్తూ కచ్చా టాకాలు. ఆపైన సూది పైకీ కిందికీ దూస్తూ వరసలు, వరసకూ వరసకూ అంగుళం ఎడం. ఎడమ చూపుడువేలి కొన జల్లెడైంది. అంచు మీద "గడప" అని ఒక్కసారే కుట్టాను, అదీ బయటి వైపుకు తిప్పి, దాటాక వెనక్కి తిరిగి చూస్తే కనబడేలా.

అంచులో నాలుగో వైపు ఇంకా మిగిలింది.

సెప్టెంబర్ 3

తెల్లవారుజామున నాలుగున్నరకు అన్నయ్య ఫోన్. ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందలు. ఫొటోలో ముడుచుకున్న ఎర్రటి పిడికిలి ఒకటే కనబడుతోంది. అమ్మమ్మ ఎందుకు నెత్తుటిగుడ్డు అనే మాట కుట్టొద్దందో, నోటికి మాత్రం అదే ఎందుకు వస్తుందో, రెండూ ఒకేసారి తెలిశాయి.

సెప్టెంబర్ 23

ఇరవై ఒకటో రోజు, ఉయ్యాలలో వేశారు. బొంత తెల్లవారి రెండింటికి పూర్తయింది, నాలుగో వైపు అంచు కొంచెం వంకర. ఉయ్యాలలోకి కాదు, కప్పడానికీ కాదు, పగలు నేల మీద పరిచి మనం పక్కన కూర్చున్నప్పుడు పడుకోబెట్టడానికి అని వదినకు ముందే చెప్పాను.

పేరు పెట్టడం అయ్యాక హాల్లో పరిచారు. పాపను తెచ్చి సరిగ్గా మధ్యలో, ఒడి గడుల మీద, వెల్లకిలా వేశారు. ఉత్తానశయ అనుకున్నా మనసులో. అన్నయ్య బొంత చుట్టూ తిరిగి అన్నీ చదివాడు. "అత్త" దగ్గర నన్నొక చూపు చూశాడు. ఖాళీ గడి దగ్గర కూర్చుని "ఇది మరిచిపోయావు" అన్నాడు. వదినా నేనూ మొహాలు చూసుకున్నాం. అమ్మమ్మ మంచం మీద నుంచే "అది నీదేరా" అంది. వాడికి అర్థం కాలేదు. బొంత అంచు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

పాప పాలు కక్కింది, "చంటి" మీదే. ఉతకాలి. చల్లటి నీళ్లలో.